అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు

పోయిన వారం కథ ఆపినప్పుడు నన్ను నేను ఆసుపత్రి మంచం మీదే వదిలేసి వెళ్లిపోయాను. ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ల కోసం అప్పటిదాకా జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పేసి లేస్తాను.

నా పేరు సున్నివా. నలభై మూడేళ్లు. హెల్లోయ దీవిలో సముద్రం అడుగుకు దిగి చేత్తో ఆల్చిప్పలు ఏరే పని నాది. అరచేయంత ఉండే పెద్ద ఆల్చిప్పలు, లోపలి తెల్లటి కండ కోసం పట్నంలో హోటళ్లవాళ్లు ఎగబడతారు. పద్దెనిమిదేళ్లుగా దిగుతున్నాను. వారానికి నాలుగుసార్లు పదేసి కిలోమీటర్లు పరిగెడతాను. జలుబు తప్ప నాకు జబ్బు చేసిన గుర్తు లేదు. అలాంటిదాన్ని, ఒక శుక్రవారం పదహారు మీటర్ల లోతులో ఉండగా, ఊపిరాడక గిలగిలలాడాను. సిలిండర్‌లో గాలి నిండుగా ఉంది. ఆ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ చక్కగా పనిచేస్తోంది. పీలుస్తున్నాను, కానీ పీల్చింది ఎక్కడికీ చేరడం లేదు. ఎప్పుడూ నాకు జతగా దిగే హాల్వర్ ఆ రోజు జ్వరమని రాలేదు. ఆపేవాళ్లెవరూ లేరు గనక ఎక్కడా ఆగకుండా తిన్నగా పైకొచ్చేశాను. పడవ నడిపే ఫ్రూడె నన్ను చంకల కింద చేతులు వేసి లాగాడు. పడవలో కూర్చుని దగ్గితే గులాబీ రంగు నురగ పడింది.

ఇక రెండో సంగతి. నాలుగేళ్ల కిందట నా భర్త ఐవిన్ ఇదే సముద్రంలో, పైకి వస్తూ వస్తూ అయిదు మీటర్ల దగ్గర చనిపోయాడు. కంగారుపడి రెగ్యులేటర్ తనే నోట్లోంచి లాగేసుకున్నాడని కాగితాల్లో రాశారు. అప్పుడు పక్కనే ఉన్న మనిషి ఐవిన్ తండ్రి ఓస్మున్. ఈ దీవిలో అందరికీ నీళ్లలోకి దిగడం నేర్పినవాడు, నాకూ నేర్పినవాడు, నా మామగారు.

పోయిన వారం డాక్టరమ్మ నా మంచం పక్కన కూర్చుని, "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా జరిగిందా?" అని అడిగిన దగ్గర ఆపాను.

నేను మంచం పక్కనున్న గ్లాసు అవతలికి జరిపాను. ఆమె తనే మొదలుపెట్టింది. చిన్న పిల్ల, ముప్పై కూడా ఉండవు, కోటు జేబులో సగం తిన్న చాక్లెట్ కనపడుతోంది.

"మీరు కంగారు పడలేదు," అంది. "మీ ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. సముద్రం నీళ్లు కాదు, మీ రక్తంలోంచి ఊరిన నీరే. చల్లటి నీళ్లలో మునిగినప్పుడు కాళ్లలో, చేతుల్లో ఉన్న రక్తం గుండె వైపుకు వచ్చిపడుతుంది. కొందరికి ఆ ఒత్తిడికి ఊపిరితిత్తుల్లో నీరు ఊరుతుంది. విచిత్రం ఏంటంటే రాయిలా ఉన్నవాళ్లకే వస్తుంటుంది. ఈతగాళ్లకి, పరుగులు పెట్టేవాళ్లకి. అందుకే ఎవరూ నమ్మరు."

"ఊఁ," అన్నాను.

"దిగేముందు ఏమైనా తాగారా?"

"నీళ్లు. లీటరు."

"లీటరా? అంత దాహమేసిందా?"

"దాహం లేదు. తాగాలి. మాకు అది నియమం."

"ఎవరు పెట్టారు?"

"మా మామయ్య."

ఆమె పెన్ను ఆపింది. ఒంట్లో అప్పటికే రక్తం గుండెకు ఎగబడే వేళ పైనుంచి మరో లీటరు పోయడమంటే నిండిన బిందెలో ఇంకో చెంబు వంచినట్టేనని చెప్పింది. మంచి ఉద్దేశంతోనే పెట్టి ఉంటారులెండి అని కూడా అంది.

"ఇలా జరిగితే ఏం చెయ్యాలి?" అని అడిగాను.

"నీళ్లలోంచి బయటికి రావాలి. వెంటనే. మధ్యలో ఎక్కడా ఆగకూడదు. మీరు బతికింది అందుకే."

"చనిపోయినవాళ్లను కోసి చూస్తే తెలుస్తుందా, ఇదేనని?"

"కష్టం. మునిగిపోయినవాళ్ల ఊపిరితిత్తుల్లో కూడా నీళ్లే ఉంటాయి కదా."

అది విన్నాక నాకు ఏడుపు రావాలి. రాలేదు. దుప్పటి చివర బయటికి వచ్చిన నా పాదాల వైపు చూస్తూ కూర్చున్నాను. ఎడమ సాక్సు బొటనవేలి దగ్గర చిరిగింది. ఇంటికెళ్లగానే కుట్టుకోవాలి, ఉన్ని అదే రంగుది దొరుకుతుందో లేదో, అని అదే ఆలోచన. ఐవిన్ మొహం గుర్తు తెచ్చుకుందామని చూశాను. సాక్సే కనపడింది. చలికి మొద్దుబారిన వేళ్లను గిచ్చితే తెలియనట్టు, నన్ను నేను ఎక్కడ గిచ్చుకున్నా ఏమీ తెలియడం లేదు. ఇప్పటికీ చాలావరకు అంతే.

తర్వాతి గురువారం పొద్దున పంపించేశారు. ఏడున్నర లాంచీకి దీవికి బయల్దేరాను. లాంచీలో క్యాంటీన్ నడిపే మార్గిట్ నేను అడగకుండానే అచ్చులో వాఫల్ అట్టు కాల్చి, పైన గోధుమరంగు చీజ్ కోసి, నా ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది. దీవిలో ఎవరికి తుమ్మొచ్చినా ముందు మార్గిట్‌కి తెలుస్తుంది.

"తిను తల్లీ. చిక్కిపోయావు."

"ఆరు రోజులే కదా అత్తా వెళ్లింది."

"ఆరు రోజులైనా ఆసుపత్రి తిండి. నీళ్లలో ఉడకబెట్టిన బంగాళాదుంపలు, అంతేగా." గొంతు తగ్గించింది. "ఏంటి, నీకూ కంగారేనా?"

నాలుగేళ్లలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. కొట్టులో, చర్చి మెట్ల మీద, చేపల రేవులో. ఐవిన్ మంచోడేగానీ కంగారు మనిషి. ఐవిన్ పాపం, కంగారు పడ్డాడు. ఐవిన్‌లా కంగారు పడకు, అని వాళ్ల వాళ్ల పిల్లలకు చెప్పుకుంటారు. బతికుండగా పొద్దున పాలు పొంగిపోతున్నా నడిచే వచ్చేవాడు ఆ మనిషి. ఊరి నోట్లో పడ్డాక మాత్రం కంగారు ఆయన ఇంటిపేరైపోయింది.

"కాదత్తా," అన్నాను. "ఊపిరితిత్తుల్లో నీరు చేరిందంట."

"అదేలే," అంది మార్గిట్ నా చెయ్యి నిమురుతూ. "కంగారు పడితే నీళ్లు మింగుతాం గదా."

వాఫల్ మొత్తం తినేశాను. రుచి తెలియలేదు గానీ, తినకపోతే ఇంకోటి కాలుస్తుంది.

ఆ లాంచీలో కూర్చుని ఒక నిర్ణయానికి వచ్చాను. నా కూతురు యూరున్‌కి పంతొమ్మిదేళ్లు. సాల్మన్ చేపలు పెట్టెలకెత్తే షెడ్డులో పని చేస్తుంది. శనివారం నుంచి తాతయ్య కొత్తగా నేర్పే జట్టులో తనూ దిగబోతోంది. కొత్తవాళ్లను నడుముకు తాడు కట్టి, రెండో కొస పడవలో పట్టుకుని దింపుతారు. డబ్బాలెత్తడం విసుగొచ్చింది అంటుంది గానీ, అసలు సంగతి నాకు తెలుసు. వాళ్ల నాన్న పేరు మీద ఊరు పూసిన ఆ మాటను తన చేత్తో తుడిచెయ్యాలని దానికి. ఆ పిల్ల చేత కూడా మామయ్య లీటరు నీళ్లు తాగిస్తాడు. ఊపిరాడలేదని సైగ చేస్తే కంగారనుకుని మూడు నిమిషాలు ఆపిస్తాడు.

ఆ మూడు నిమిషాల సంగతి చెప్పాలి. లోతు నుంచి వచ్చేటప్పుడు అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగడం ప్రపంచమంతటా ఉన్న పద్ధతే. రక్తంలో చేరిన వాయువు మెల్లగా వదలాలని. మేం దిగే లోతులకు ఆగకపోయినా సాధారణంగా ఏమీ కాదు, ఆగితే ఇంకా మంచిది, అంతే. మామయ్యకు మాత్రం అది దేవుడి ఆజ్ఞ. ఆయన అన్న తూర్లైవ్ ఒకప్పుడు సముద్రంలోని చమురు బావుల దగ్గర చాలా లోతుల్లో పనిచేసేవాడు. ఒకసారి తొందరపడి ఆగకుండా పైకి వచ్చాడు. తర్వాత బతికిన ఇరవై రెండేళ్లూ చక్రాల కుర్చీలోనే. అన్నాళ్లూ అన్నకు స్నానం చేయించిన చేతులు మామయ్యవి. నీళ్లు తాగకపోతే రక్తం చిక్కబడి అదే గతి పడుతుందని లీటరు నియమం కూడా అప్పుడు పుట్టిందే.

కాబట్టి రెండే రెండు మాటలు చెప్పాలనుకున్నాను. ఆ లీటరు ఆపెయ్యండి, ఊపిరాడనివాళ్లను వెంటనే పైకి తీసుకురండి. ఐవిన్ పేరు ఎత్తను. ఆ రోజు ఎవరు ఎవరి చెయ్యి పట్టుకున్నారో అసలే ఎత్తను. అరవై ఏడేళ్ల మనిషి. కొడుకు పోయినప్పటి నుంచి తను నీళ్లలోకి దిగలేదు, ఒడ్డు నుంచే నేర్పుతాడు. కొడుకు కంగారు మనిషన్న సిగ్గును మోస్తున్నాడు, అది మొయ్యగలడు. తన చెయ్యే కారణమన్నది మొయ్యలేడు.

లాంచీ దిగి ఇంటికి కూడా వెళ్లకుండా తిన్నగా రేవులో ఆయన పడవ షెడ్డుకు వెళ్లాను. తలుపు తీసే ఉంది. లోపల ఇనప పొయ్యి మండుతోంది. గోడకున్న రేడియో సన్నగా బరబరమంటోంది. మామయ్య ముక్కాలి పీట మీద కూర్చుని పొట్టి కత్తితో ఆల్చిప్పలు వలుస్తున్నాడు. కత్తి దూర్చి, ఒక తిప్పు తిప్పి, పై చిప్ప అవతలికి, కండ గిన్నెలోకి. చూడకుండా చేస్తాడు.

"వచ్చావా," అన్నాడు తలెత్తకుండా. "బూట్లు విప్పకు, నేల తడిగా ఉంది."

"వచ్చా మామయ్యా."

"కాఫీ ఉంది. పొద్దుటిది."

"పోసుకుంటాలెండి."

పోసుకుని చెక్క పెట్టె మీద కూర్చున్నాను. కాఫీ తారులా ఉంది.

"ఏమన్నారు?"

"ఇంక దిగొద్దన్నారు."

కత్తి ఆగింది. "ఎన్నాళ్లు?"

"ఎప్పటికీ."

"వాళ్లకేం, ఎన్నైనా చెప్తారు. డాక్టర్లు నీళ్లు చూసేది స్నానాలగదిలో." మళ్లీ కత్తి దూర్చాడు. "ఆగకుండా వచ్చేశావంట గదా. ఫ్రూడె చెప్పాడు. పదహారు మీటర్ల నుంచి ఒక్క ఊపున."

"అవును."

"పద్దెనిమిదేళ్లు నేర్పిస్తే ఇదా నువ్వు నేర్చుకుంది?"

"ఊపిరాడలేదు మామయ్యా."

"ఆడదు. కంగారొస్తే ఎవడికీ ఆడదు. సరిగ్గా అప్పుడే ఆగాలి. ఆగి, అంకెలు లెక్కపెట్టుకుని, నిదానంగా పీల్చుకోవాలి. ఇవన్నీ నీకు నేను చెప్పాలా?"

"కంగారు ముందు రాలేదు. ఊపిరాడకపోవడం ముందొచ్చింది. లోపల నీరు ఊరిందంట. మనం తాగే లీటరు నీళ్లు కూడా ఒక కారణమే అన్నారు."

ఆయన నవ్వాడు. అది మరీ కోపం నవ్వు కాదు, పిల్లల మాటకు నవ్వే నవ్వు.

"ముప్పై ఏళ్లుగా తాగిస్తున్నా అమ్మాయ్. ఒక్కడికి కీళ్లు పట్టేశాయా? ఒక్కడు కుర్చీలో కూలబడ్డాడా? నిన్నగాక మొన్న చదువు ముగించిన పిల్లొచ్చి నీళ్లు తాగితే నీళ్లు ఊరతాయంటే, సరేనని నా నియమం తీసి సముద్రంలో పారెయ్యాలా?"

"లీటరు ఒక్కటే కాదు. ఊపిరాడనప్పుడు మూడు నిమిషాలు ఆపకూడదంట. వెంటనే పైకి తేవాలంట."

"ఆపకూడదా." చిప్పను గిన్నె అంచుకేసి కొట్టాడు. "నువ్విలా అంటావని నాకు తెలుసు. ఆగకుండా వచ్చినవాళ్లందరూ ఆగక్కర్లేదనే అంటారు. చూడు, నేను నిన్ను తిట్టడం లేదు. నువ్వు ఆడపిల్లవి, ఒక్కదానివే ఉన్నావు, భయమేసింది, వచ్చేశావు. బతికావు, చాలు. కానీ పద్ధతి పద్ధతే. నేను నా కొడుక్కి కూడా తప్పించలేదు."

"మామయ్యా, అది వద్దు."

"వద్దెందుకు? నీకు తెలియాలి." కత్తి పక్కన పెట్టి ముందుకు వంగాడు. ఈ కథ ఆయన నోట చాలాసార్లు విన్నాను. ఆయన చెప్పినప్పుడల్లా నేనే ఆయన భుజం మీద చెయ్యి వేసి ఊరుకోబెట్టేదాన్ని. "కింద ఉండగానే వాడికి తేడా చేసింది. నేను చూశా. పైకి తీసుకొస్తున్నా, మెల్లగా, కొలిచినట్టు. అయిదు దగ్గర ఆపా. వాడు ఆగడంలా. అప్పుడు వాడి మణికట్టు పట్టుకున్నా. ఇదుగో, ఇలా."

నా మణికట్టు పట్టుకున్నాడు. చెయ్యి తడిగా, చల్లగా, చేపల వాసనేస్తోంది. పట్టు బలంగా ఉంది.

"కళ్లలోకి చూశా. వాడు బొటనవేలు పైకి చూపించాడు, పోదామని. తల అడ్డంగా ఊపా. మళ్లీ చూపించాడు. గడియారం చూపించా. దగ్గుతున్నాడు, రెగ్యులేటర్ నోట్లో ఉండగానే. దగ్గితే ఏమైంది, నీళ్లలో దగ్గినవాళ్లను ఎంతమందిని చూళ్లేదు. గట్టిగా పట్టుకున్నా. రెండు నిమిషాల నలభై సెకన్లు పట్టుకున్నా అమ్మాయ్. అప్పుడు నోట్లోది పీకేసుకున్నాడు. ఇంకో ఇరవై సెకన్లు. ఇరవై సెకన్లు ఓర్చుకోలేకపోయాడు నా కొడుకు."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ప్రతిసారీ ఈ మాట దగ్గరే తిరుగుతాయి. నాలుగేళ్లు నాకు కూడా తిరిగేవి.

"చెయ్యి వదలండి మామయ్యా," అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. పట్టు అలాగే ఉంది.

"వదలండి."

వదిలాడు. నా మణికట్టు మీద నాలుగు వేళ్లూ తెల్లగా పడి, చూస్తుండగానే ఎర్రబడ్డాయి. నేను అనుకున్నవేవీ నాకు గుర్తు రాలేదు. కోపం వచ్చిందంటే అబద్ధం. కోపం ఎలా ఉంటుందో తెలుసు, అది ఇది కాదు. కోటు జేబులోంచి డాక్టరమ్మ ఇచ్చిన కాగితం తీసి ఆయన ముందు, ఆల్చిప్పల పక్కన పెట్టాను. ఎందుకు పెట్టానని నన్నడగకండి. నోటితో చెప్పడం కంటే అది తేలిక.

ఆయన చేతులు ప్యాంటుకు తుడుచుకుని, కళ్లజోడు వెతుక్కుని, కాగితం పొయ్యి వెలుతురులోకి పట్టుకున్నాడు. చిన్నప్పుడు బడికి ఎక్కువ వెళ్లిన మనిషి కాదు. ఒక్కో మాటా కూడబలుక్కుని పైకే చదువుతాడు.

"ఒక్కసారిగా ఊపిరాడకపోవడం. దగ్గు. రెగ్యులేటర్ గాలి ఇవ్వడం లేదనిపించడం. అందువల్ల కొందరు దాన్ని..." ఆగాడు. వేలు పెట్టి మళ్లీ మొదటి నుంచి చదివాడు. "అందువల్ల కొందరు దాన్ని నోట్లోంచి తీసివేస్తారు. చాలాసార్లు దీన్ని చూసినవాళ్లు కంగారని పొరబడతారు."

పొయ్యిలో కట్టె ఒకటి కింద పడింది.

"ఇది నీ కోసం రాసిచ్చారా?"

"కాదు. అచ్చేసిన కాగితం. అందరికీ ఇస్తారు."

మళ్లీ చదివాడు. "చేయవలసినది. లోతు తక్కువైతే మధ్యలో ఆపకుండా వెంటనే పైకి తీసుకురావాలి. నిటారుగా కూర్చోబెట్టాలి. ప్రాణవాయువు ఇవ్వాలి." కాగితం మడిచాడు. మళ్లీ విప్పాడు. "వెంటనే అంటే ఎంత?"

"వెంటనే అంటే వెంటనే మామయ్యా."

"రెండు నిమిషాలు ఆగితే?"

ఇక్కడ నేను అబద్ధం ఆడొచ్చు. రెండు నిమిషాలకేం కాదు, అనొచ్చు. ఆడాలనే అనుకున్నాను. అబద్ధానికి కూడా లోపల కాస్త వేడి ఉండాలి కాబోలు, నాకు లేదు.

"తెలీదు," అన్నాను. "బతికేవాడో కాదో ఎవరూ చెప్పలేరు."

"పడవలో పడుకోబెట్టాక నోటెంట నురగొచ్చింది," అన్నాడు కాగితం వైపే చూస్తూ. "గులాబీ రంగు. నాలుక కరుచుకున్నాడనుకున్నా. తుడిచేశా, నువ్వు చూస్తే బాధపడతావని."

"నాకూ అలాగే వచ్చింది."

"అంటే వాడు..."

"ఆయన కంగారు పడలేదు మామయ్యా. పైకి పోదామని మిమ్మల్ని అడిగాడు. మీరు నేర్పిన సైగతోనే అడిగాడు. రెండుసార్లు."

మామయ్య కళ్లజోడు తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"మూడు," అన్నాడు.

"ఏంటి?"

"మూడుసార్లు. మూడోసారి చెయ్యి ఎత్తలేకపోయాడు. నేను పట్టుకున్న చేతి బొటనవేలే కొంచెం లేపాడు. నా అరచేతిలో తెలిసింది. ఎవరికీ చెప్పలేదు."

ఈ మనిషిని అసహ్యించుకోవాలి అని నాకు తెలుసు. నా పెళ్లి రోజు నా తండ్రి రానంటే నన్ను చర్చిలో చెయ్యి పట్టుకుని నడిపించింది ఈయనే అని కూడా తెలుసు. రెండూ తెలుసు, రెండూ ఎవరో పక్కింటివాళ్ల సంగతుల్లా ఉన్నాయి. కాఫీ చల్లారిపోయింది, అది మాత్రం బాగా తెలిసింది. ఎలాగూ చెప్పేశాను, ఇక శనివారం ఎవరి చేతా లీటరు తాగించడు, ఎవరినీ అయిదు దగ్గర పట్టి ఆపించడు, యూరున్‌కి భయం లేదు, అనుకున్నాను. దానికోసమే కదా వచ్చింది.

మామయ్య గోడ గడియారం వైపు చూశాడు. తర్వాత నా వైపు. ఆల్చిప్పల గిన్నెను కాలితో తన్నుకుంటూ లేచాడు.

"శనివారం ఈదురుగాలి అన్నారు," అన్నాడు.

"అయితే?"

"వాతావరణం వార్తల్లో చెప్పారు. అందుకని జట్టును ఈ రోజుకి మార్చా."

"ఏ జట్టుని?"

"నీకు చెప్పొద్దంది. చెప్తే ఆసుపత్రి మంచం మీంచి లేచొస్తుందీ అమ్మ, అంది. నువ్వొస్తున్నావని నేను ఇక్కడే ఉండిపోయా, పడవ ఫ్రూడె తీసుకెళ్లాడు." మాట కూడదీసుకున్నాడు. "ఇక్కడే తాగింది అమ్మాయ్. నువ్విప్పుడు కూర్చున్న పెట్టె మీదే కూర్చుని. తాగలేను తాతా అంటే సగంలో ఆపనివ్వలేదు నేను."

యూరున్ ఈ పూట చేపల షెడ్డులో ఉందనుకున్నాను. పెట్టె మీంచి లేచాను. కాళ్లు లేచాయి, నేను లేపినట్టు అనిపించలేదు. ఆయన కంటే ముందు నేనే గోడ మీది రేడియో మైకు అందుకున్నాను, కానీ మీట ఎక్కడుందో వేళ్లకు దొరకలేదు. పద్దెనిమిదేళ్లుగా నొక్కుతున్న మీట. మామయ్య నా చేతిలోంచి తీసుకున్నాడు.

"ఫ్రూడె. ఫ్రూడె. ఓస్మున్‌ని. పిల్ల ఎక్కడుంది?"

బరబర. ఆ వెనక ఇంజను చప్పుడు. తర్వాత ఫ్రూడె గొంతు, ఎప్పటిలాగే తీరిగ్గా.

"కిందే ఉంది పెద్దాయనా. ఏం దిగులు పెట్టుకోకు. పైకొస్తున్నారు. తాడు మీద గుర్తు అయిదు దగ్గరుంది, ఆపాం. హాల్వర్ పక్కనే ఉన్నాడు, చెయ్యి పట్టుకునే ఉంటాడు."

"పైకి తియ్యి. ఇప్పుడే తియ్యి."

"ఏంటీ? గాలికి వినపడట్లా. ఆ, కంగారా? పడిందిలే, కాస్త గట్టిగానే పడింది. నాలుగైదు సార్లు తాడు లాగింది, పైకి తియ్యమని. నువ్వు పొద్దున చెప్పావు గదా, తండ్రి పోలిక, లాగినా తియ్యొద్దు, మూడు నిమిషాలు నిండనివ్వమని. తియ్యలేదు." చిన్నగా నవ్వాడు. "మంచిదే అయింది. ఇప్పుడు లాగడం మానేసింది. కుదుటపడ్డట్టుంది."